నిషిద్ధ ప్రణయము: తారను అడిగిన ప్రశ్న

దేవాసురుల యుద్ధము ముగిసినది. దేవగురువు బృహస్పతి భార్యయైన తార, చంద్రుని యింటినుండి మరల భర్త యింటికి చేరినది. అప్పటి కామె గర్భవతి. పుట్టిన బిడ్డ చూచువారి కన్నులకు మిఱుమిట్లు గొలుపు తేజస్సు గలవాడు. బృహస్పతి తన కొడుకనెను. చంద్రుడు తన కొడుకనెను. దేవతలు తారను అడిగిరి. ఆమె సిగ్గుచేత నోరు విప్పలేదు. పసివాడే కోపించి తల్లిని శపింపబూనెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. తుదకు బ్రహ్మ యడుగగా ఆమె చంద్రుని పేరు చెప్పెను. ఆ బిడ్డయే బుధుడు. అతని కొడుకు పురూరవుడు. పాండవులును కౌరవులును పుట్టిన చంద్రవంశమున కిది మొదలు.

ఈ కథను తరగతిలో చెప్పవలసి వచ్చినపుడు ఉపాధ్యాయుడు సాధారణముగా తొందరపడి బుధుని దాటి పురూరవుని యొద్దకు పోవును. ఆ తొందరలో ఒక సంగతి మఱుగుపడుచున్నది. తారను బృహస్పతి కిచ్చినపుడు ఆమె యిష్టము నెవరైన అడిగిరని పురాణము చెప్పదు. ఆమెకొఱకు దేవతలును దానవులును రెండు పక్షములై పోరినపుడు, నీవెవరియొద్ద నుండగోరుదువని అడిగినవారు లేరు. యుద్ధము ముగిసి ఆమెను అప్పగించునపుడును అడుగలేదు. అడిగినది ఒక్కటే ప్రశ్న: బిడ్డ యెవనివాడు? కథ మొత్తములో తారకు నోరు విప్పు నవకాశము కలిగిన దప్పుడే.

నిషేధమున్నదని తెలిసియు, నింద కలుగునని తెలిసియు, శిక్ష తప్పదని తెలిసియు మనుష్యులు గీత యేల దాటుదురు? ఈ ప్రశ్న నేటిది కాదు. పురాణ కర్తలు, శాస్త్రకారులు, కవులు, సంస్కర్తలు, న్యాయమూర్తులు ఎవరికి తోచిన రీతిని వారు దీనికి సమాధానము వెదకిరి. లోకము చెప్పు సమాధానము మాత్రము ఒక్కటే: కామాంధత. అది సులువైన మాట. ఆ మాటతో విచారణ ముగిసిపోవును. ఆలోచింపవలసిన పని యుండదు. కాని తెలుగు సాహిత్యమును కొంచెము నిదానముగా చదివినవారికి ఆ సమాధానము చాలదని తోచును.

వాత్స్యాయనుని పట్టిక

వాత్స్యాయనుని కామసూత్రములు క్రీ. శ. 3వ శతాబ్ది ప్రాంతమునాటివని పండితులు తలచుదురు. అందు అయిదవ అధికరణమునకు పారదారికమని పేరు. పరభార్యల విషయమున మనుష్యు లేల ప్రవర్తింతురో, ఎవరు లొంగుదురో, ఎవరు లొంగరో ఆ శాస్త్రకారుడు వైద్యుడు రోగలక్షణములు చెప్పినట్లు చెప్పెను. అధికరణము చివర, ఇది పరుల కాపురములు చెఱచుటకు గాక తమ కాపురములు కాపాడుకొనుటకై చెప్పబడినదని హెచ్చరిక చేసెను. శాస్త్రమున చెప్పబడినంత మాత్రమున ప్రతిదియు ఆచరింపదగినది కాదనియు ఆయన వేఱొకచోట స్పష్టముగా చెప్పియున్నాడు.

ఆ పట్టికలో సులభముగా గీత దాటు స్త్రీలెవరో చూడుడు. నిష్కారణముగా సవతిని తెచ్చుకొన్న భర్త గలది. దోషము లేకయే యింట అవమానము పొందుచున్నది. భర్త చిరకాలము పరదేశమున నుండగా ఒంటరియై యున్నది. భర్తకు తానును తనకు భర్తయు గిట్టనిది. చంచల స్వభావము గలవారిని గూడ ఆయన విడువలేదు గాని, పట్టికలో మిక్కిలి భాగము మనోవ్యథల జాబితా. కామమే ప్రధానముగా గ్రంథము వ్రాసినవాడు సైతము, గీత దాటుటకు కామమొక్కటే కారణమని చెప్పలేదు. మాట దక్కనివారు, మన్నన దక్కనివారు, తోడు దక్కనివారు ఆ పట్టికలో వరుసగా నిలిచియున్నారు.

దక్షిణాంధ్ర కవుల సాహసము

తంజావూరు, మధుర నాయకరాజుల కాలమున తెలుగు కవులు ఇట్టి కథలనే కోరి కోరి యెత్తుకొనిరి. శేషము వేంకటపతి తారాశశాంక విజయము వ్రాసెను. సముఖము వేంకట కృష్ణప్ప నాయకుడు అహల్యా సంక్రందనము వ్రాసెను. తంజావూరి రఘునాథనాయకుని ఆస్థానకవి చేమకూర వేంకటకవి సారంగధర చరిత్రము వ్రాసెను. ఈ కావ్యములను తరువాతివారు క్షీణయుగ సాహిత్యమనిరి. శృంగారము మితిమీఱినదని నిందించిరి. ఆ నిందలో కొంత నిజము లేకపోలేదు. వర్ణన కొఱకే వర్ణన చేసిన ఘట్టము లందు కలవు. అయినను ఆ కవులు చేసిన మేలొకటి కలదు. పురాణమున పేరు మాత్రముగా నున్న స్త్రీకి వారు మనస్సు నిచ్చిరి.

తారాశశాంక విజయమున తార మాటాడును. చంద్రుడు గురుపత్నీగమనము మహాపాతకమని వెనుకాడగా వాదించునది ఆమెయే. అహల్యా సంక్రందనమున అహల్య రాతిబొమ్మ కాదు. తపస్సు తప్ప వేఱొక ధ్యాస లేని ముని కాపురమున ఆమె కేమి కొఱవడెనో కవి తెలిపెను. ఈ స్వాతంత్ర్యము కవులు క్రొత్తగా కల్పించినదియు గాదు. వాల్మీకి బాలకాండమునందే అహల్య, ముని వేషమున వచ్చినవాడు ఇంద్రుడని గుర్తించియే, దేవరాజునందలి కుతూహలముచేత సమ్మతించెనని యున్నది. కుతూహలమను మాట నచట వాడినవాడు ఆదికవి. మోసపోయిన అమాయకురాలుగా ఆమెను చిత్రించిన కథలు తరువాత ప్రచారమునకు వచ్చినవి. అహల్య తెలిసి చేసినదనుట కంటె తెలియక చేసినదనుట సంఘమునకు ఓదార్పుగా తోచి యుండును.

చిత్రాంగి కథ మఱింత విషాదకరము. గౌరన నవనాథ చరిత్రమున సారంగధరుడు మాళవదేశపు రాజకుమారుడు. కాలక్రమమున ఆ కథ రాజమహేంద్రవరమునకు తరలి వచ్చి, నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుని తలకు చుట్టుకొన్నది. చరిత్రలో దానికి ఆధారము లేదు. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులు దానిని విషాద సారంగధరమను నాటకముగా వ్రాసిరి. రంగస్థలమున ప్రచారము పొందిన కథనుబట్టి, చిత్రాంగికి తొలుత చూపినది యువరాజు చిత్తరువు. తాళి కట్టినది అతని తండ్రి. సవతి తల్లి కుమారుని కోరినదని లోక మామెను రాక్షసిగా చేసెను. అబద్ధము చెప్పి నిరపరాధి కాలు సేతులు నఱికించిన పాపము నిశ్చయముగా ఆమెదే. దానిని ఎవరును సమర్థింపలేరు. ఐనను ఆ పాపమునకు ముందు జరిగిన మోసము మాట ఏమి? చిత్తరువు మార్చినవారి పేరు కథ చెప్పుకొనువారికి గుర్తుండదు. చిత్రాంగి పేరు మాత్రము తిట్టుపదముగా మిగిలినది.

నిషేధమే కోరికకు తల్లియా?

వలదన్న పని చేయవలెననిపించుట మానవ స్వభావమని చాలమంది చెప్పుదురు. మూసిన తలుపు తెఱచి చూడవలెనను వేడుక పసిపిల్లలయందును కలదు. ఈ విషయమును ఆధునిక మనశ్శాస్త్రము పరిశీలింపకపోలేదు. అమెరికాలో జాక్ బ్రెహ్మ్ అను శాస్త్రజ్ఞుడు 1966లో ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. తనకున్న స్వాతంత్ర్యమును ఇతరులు హరింపజూచినపుడు మనుష్యుడు దానిని నిలుపుకొనుటకై ఎదురు తిరుగుననియు, హరింపబడిన వస్తువు అతనికి మునుపటికంటె ఆకర్షకముగా కనబడుననియు ఆ సిద్ధాంత సారాంశము. 1972లో మఱికొందఱు, తల్లిదండ్రులు అడ్డుపడిన కొలది యువతీయువకుల ప్రేమ హెచ్చునని తమ పరిశోధనలో తేలినదనిరి. రోమియో జూలియట్ల పేర ఆ మాట లోకమంతట ప్రచారమయ్యెను.

కాని 2014లో వేఱు పరిశోధకులు ఆ విషయమును మరల పరీక్షించి చూచిరి. తల్లిదండ్రుల ఆటంకమువలన ప్రేమ హెచ్చినట్లు వారికి కనబడలేదు. ఆప్తుల ఆమోదము గల ప్రేమయే బలపడుచున్నట్లు తేలినది. విజ్ఞులు గమనింపదగిన సంగతి యిది. నిషేధము కుతూహలమును రేపగలదు. అహల్య విషయమున వాల్మీకి చెప్పినది నిజమే. అంతమాత్రమున సంవత్సరముల తరబడి నింద మోయుటకు, కులము విడుచుటకు, ప్రాణమునకు తెగించుటకు కుతూహలము చాలదు. వలదన్నారు గనుకనే చేసినారను మాట, ఏల చేసిరో వినుటకు ఇష్టపడనివారు చెప్పు మాట.

విజయనగరపు లెక్క

తెలుగుదేశమున ఈ ప్రశ్నకు సమాధానమును అంకెలలో చూపినవాడు గురజాడ అప్పారావు. కన్యాశుల్కము 1892లో తొలుత ప్రదర్శింపబడి 1897లో అచ్చయ్యెను. ఆ మొదటి కూర్పు పీఠికలో ఆయన ఒక పట్టిక సంగతి చెప్పిరి. విజయనగరము మహారాజు ఆజ్ఞచేత విశాఖపట్టణపు ప్రాంతమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములయందు జరిగిన కన్యాశుల్క వివాహములను లెక్కింపగా 1,034 తేలినవి. వారిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆఱుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. కడుపులోని శిశువునకు సైతము బేరమాడుట కలదని ఆయన వ్రాసిరి.

ఇట్టి పెండ్లిండ్లలో వరుడు తఱచుగా ముసలివాడు. పిల్లకు ఊహ తెలియు వేళకు వైధవ్యము సిద్ధము. నాటకమున అగ్నిహోత్రావధానులు పెద్ద కూతురు బుచ్చమ్మను అట్లే అమ్మెను. లుబ్ధావధానులు కూతురు మీనాక్షియు వితంతువే. బుచ్చమ్మ గిరీశము మాటలు నమ్మి ఇల్లు విడిచినది. మీనాక్షి రామప్పపంతులు వలలో చిక్కినది. వీరికి నింద భయము లేదా? ఉన్నది. ఐతే భయపడునపుడు మనుష్యుడు రెండు స్థితులను పోల్చి చూచుకొనును. గీతకు ఆవలనున్న ఆపదను సుఖముతో పోల్చువాడు వెనుకకు తగ్గును. ఆ ఆపదను ఇప్పుడు తాననుభవించుచున్న బ్రదుకుతో పోల్చువాడు తగ్గడు. శుభకార్యమున ఎదురుపడరాదనిపించుకొని, పుట్టింట ఊడిగము చేయుచు, మిగిలిన ఏబది యేండ్లును అట్లే గడుపవలసిన పిల్లకు సంఘము ఇంకేమి శిక్ష చూపి బెదరింపగలదు?

అదే నాటకములో గీత దాటినవారు ఇంకను ఉన్నారు: గిరీశము, రామప్పపంతులు. వీరికి కొఱత యేమియు లేదు. ఊరిలో మాట చెల్లును, మాటకారితనము కలదు, ఎక్కడికి పోయినను దారి దొరకును. వారు నిర్భయముగా దాటుటకు కారణము వేఱు. దొరికినను తమకు పోవునది స్వల్పమని వారికి తెలియును. కథాంతమున బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపుదురు. గిరీశము చీవాట్లు తిని తన దారిని తాను పోవును. పోగొట్టుకొనుటకు ఏమియు మిగులనివారును, ఏమి చేసినను పోగొట్టుకొననివారును ఒకే గీతను రెండు వైపులనుండి దాటుదురు. గురజాడ చూపిన నిజమిది. సంఘము కన్ను మాత్రము మొదటివారి మీదనే పడును.

తలుపు తెఱచినవారు, మూసినవారు

వితంతు వివాహమును 1856 చట్టము అనుమతించెను. చట్టమైతే వచ్చినది గాని తెలుగునాట పాతికేండ్లు గడచినను ధైర్యము రాలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు గోగులపాటి శ్రీరాములునకు బాలవితంతువగు సీతమ్మ నిచ్చి పెండ్లి చేసిరి. ఆంధ్రదేశమున ప్రసిద్ధికెక్కిన మొదటి వితంతు వివాహమది. పంతులుగారిని వెలివేసిరి. వంటవారు రాలేదు, నీళ్లు తెచ్చువారు మానిరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి, వంట చేసి, అతిథులకు పెట్టిరి. నాడు సంఘమునకు అది మహానిషిద్ధము. నేడు పాఠ్యపుస్తకములో అది సంస్కరణ. గీత కదలినది, మనుష్యులు అప్పటివారే, కోరికలు అప్పటివే.

అట్టి వీరేశలింగము పంతులుగారే ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళనిని కఠినముగా నిందించిరి. ఆమె తంజావూరి ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమునందలి విదుషి. ఆమె వ్రాసిన రాధికా సాంత్వనమున రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణునకు పెండ్లిచేసి, పిదప విరహముతోడను ఈర్ష్యతోడను వేగును. కృష్ణుడు వచ్చి బ్రతిమాలి ఆమెను ఊఱడించును. స్త్రీ నోట వినరాని మాటలు స్త్రీయే వ్రాసినదని పంతులుగారి ఆక్షేపణ. కావ్యమును శ్రద్ధగా చూచినచో, దాని పేరులోనే దాని విశేషమున్నది. అందు పురుషుడు స్త్రీ యిష్టమును అడుగును. ఆమె కోపము తీఱువఱకు వేచియుండును. తారకు దొరకని ప్రశ్న రాధకు దొరకినది.

బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యమును పరిష్కరించి 1910లో అచ్చు వేయించెను. త్యాగరాజస్వామికి తిరువయ్యారున సమాధిమందిరము కట్టించిన విదుషి యామెయే. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా అని ఆమె పంతులుగారిని అడిగెను. పురుషులు వ్రాసిన శృంగార కావ్యములను మెచ్చి ప్రకటించినవారు స్త్రీ వ్రాసినదానిని రోయుట యెట్లని ఆమె ప్రశ్న. 1911లో పోలీసులు ప్రతులను స్వాధీనము చేసికొనిరి, గ్రంథము నిషిద్ధమయ్యెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు ప్రభుత్వ నాయకులైన పిదప ఆ నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. ఆ యేటనే నాగరత్నమ్మ కన్నుమూసెను. వితంతువునకు తలుపు తెఱచిన చేయి కవయిత్రికి తలుపు మూయుట చిత్రముగా తోచవచ్చును. మహనీయుల యందును ఇట్టి యెల్ల యొకటి యుండుట సహజము. తాను చూడగలిగిన వేదనకొఱకు ప్రాణము లొడ్డినవారు, తమకు కనబడని వేదనను దోషమని తలపవచ్చును.

ఆ తరువాతి తరమున చలము 1927లో మైదానము వ్రాసిరి. వకీలు భార్యయైన రాజేశ్వరి అన్నవస్త్రములకు కొఱత లేని యిల్లు విడిచి అమీరుతో వెడలిపోవును. మతము వేఱు, బ్రదుకు తెఱవు వేఱు. అక్కడను ఆమెకు సుఖమే కలుగునని చలము వ్రాయలేదు. దుఃఖము, ఈర్ష్య, హింస అన్నియు కలవు. ఆమె తన నిర్ణయమును తాను చేసికొన్నదన్నదే నాటి పాఠకులకు మింగుడుపడని సంగతి. పుస్తకము కంటె ముందు రచయిత వెలి యయ్యెను. పాఠశాలల పర్యవేక్షకోద్యోగము చేసిన ఆ రచయితను ఇంటికి రానిచ్చుటకు గృహస్థులు జంకిరి. ఆయన 1950లో అరుణాచలమునకు తరలిపోయి, 1979లో అక్కడనే మరణించిరి.

శిక్ష యెవరికి?

శిక్ష గీత దాటిన యిద్దఱికిని సమముగా పడియుండినచో ఈ చరిత్ర వేఱుగా నుండెడిది. వాల్మీకి రామాయణమున గౌతముడు ఇంద్రునికి గూడ ఘోరశాప మిచ్చెను. అహల్య యెవరికిని కనబడక, గాలియే ఆహారముగా, బూడిదలో పడియుండెను. తరువాతి కథలలో ఆమె రాయి యయ్యెను. ఇంద్రుని యొడలి మచ్చలు కన్నులుగా మాఱి అతనికి అలంకారమయ్యెను. చంద్రుడు క్షీణించును, కాని మరల పెరుగును. రాయికి అట్టి వెసులుబాటు లేదు. ఎవరో వచ్చి పాదము మోపవలసినదే. కథ చేతులు మాఱిన కొలది పురుషుని శిక్ష తేలికపడుటయు, స్త్రీ శిక్ష బరువెక్కుటయు తరగతిలో విద్యార్థులకు చూపదగిన సంగతి.

భారత శిక్షాస్మృతిలోని 497వ నిబంధన 1860నుండి ఇట్టి చూపునే నిలుపుకొన్నది. పరుని భార్యతో ఆ భర్త అనుమతి లేక సంబంధము పెట్టుకొన్న పురుషునకు అయిదేండ్ల వఱకు చెఱ విధింపవచ్చును. స్త్రీకి శిక్ష లేదు. ఇది దయవలె కనబడును గాని, లోపలి యర్థము వేఱు. భర్త సమ్మతించినచో నేరము లేదు; భార్య సమ్మతికి చట్టమున స్థానము లేదు. అన్యాయము భర్త సొత్తునకు జరిగినదన్న భావమది. 2018 సెప్టెంబరు 27న సర్వోన్నత న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసెను. భార్యకు భర్త యజమాని కాడనెను. విడాకులు కోరుటకు అది కారణముగా మిగిలినది, నేరముగా మిగులలేదు.

అదే నెల 6వ తేదీన మఱియొక తీర్పు వెలువడినది. స్త్రీ పురుషులు తమ జాతివారినే ప్రేమించుట 377వ నిబంధన చేత నేరముగా నుండెడిది. పెద్దలైనవారు పరస్పర సమ్మతితో ఏకాంతమున నడపుకొను బ్రదుకు నేరము కాదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తేల్చెను. వీరికి చరిత్ర క్షమాపణ చెప్పవలసియున్నదని వారిలో నొక న్యాయమూర్తి వ్రాసిరి. గీతను వీరు వెదకికొని పోయి దాటలేదు. వారు పుట్టిన చోటనే ఇతరులు గీత గీసిరి. ఏల దాటిరని వారిని అడుగుట నీటిలోని చేపను ఏల తడిసితివని అడుగుట వంటిది. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ రెండు నిబంధనలకును చోటు లేదు.

ఆ వివాదము ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున నడచినపుడు, 2009లో తీర్పు వచ్చుటకు ముందు, ప్రభుత్వపు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయే ఒక సంగతి తెలిపెను. శిక్షాభయముచేత జనులు దాగుకొనుటవలన వ్యాధి నివారణకు ఆటంకము కలుగుచున్నదనెను. నిందవలన ప్రవర్తన ఆగునని లోకము నమ్మును. నింద చేసినదేమన, ప్రవర్తనను చీకటిలోనికి నెట్టుట. చీకటిలో వైద్యుని యడుగుటకు లేదు. మోసగాని బయటపెట్టుటకు లేదు. తల్లితో చెప్పుకొనుటకు లేదు. ప్రమాదము పనిలో కొంత యున్నచో, మౌనములో అంతకంటె ఎక్కువ యున్నది.

ఉండవలసిన గీత

ఇంతమాత్రమున గీతలన్నియు చెఱిపివేయవలెనని ఎవరును తలపరాదు. ఒక గీత కాపలా కాయునది బలవంతుని సొత్తును. మఱియొక గీత కాపలా కాయునది బలహీనుని శరీరమును. ఈ రెంటిని వేఱుచేసి చూచుట వివేకము. ఇంద్రుడు గౌతముని వేషమున వచ్చుట మోసము; అహల్య గుర్తింపకున్నచో అది ఘోరమైన బలాత్కారమే యగును. గిరీశము శుష్కవాగ్దానము మోసము. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలపై లైంగిక దౌష్ట్యమును 2012 చట్టము కఠినముగా శిక్షించుచున్నది. అందు పిల్ల ఒప్పుకొన్నదను వాదమునకు తావు లేదు. ఉపాధ్యాయుడు విద్యార్థిపై తన అధికారమును వాడుకొనుట ఏ కాలమునను క్షమింపరానిది. అక్కడ ఎదుటివారికి కాదను శక్తి లేదు. కాదనలేనివారి అవునునకు విలువ లేదు.

గీత మంచిదా చెడ్డదా అని తేల్చుటకు పూర్వులు కులమును, వంశమును, పరువును కొలతగా పెట్టుకొనిరి. ఆ కొలతతో సీతమ్మ పెండ్లి పాపమయ్యెను; అయిదేండ్ల పిల్లకు ముసలి వరుని తెచ్చుట ధర్మమయ్యెను. ఇష్టమును కొలతగా పెట్టినచో ఆ రెండు తీర్పులును తలక్రిందులగును. అడిగిరా, వినిరా, కాదన్నచో విడిచిరా అను మూడు ప్రశ్నలు కొలతగా చాలును.

పాఠశాలలో ఈ చర్చకు చోటెక్కడ అని అడుగువారుందురు. చోటు మునుపే యున్నది. అహల్య కథ చెప్పని తెలుగు బడి లేదు; కన్యాశుల్కము వినని తెలుగు విద్యార్థి లేడు. పదునాలుగు పదునైదేండ్ల పిల్లలు ఆ బల్లలమీద కూర్చుండి వినుచున్నారు. వారిలో ఒకరికి ఇంట పెండ్లి సంబంధము చూచుచుండవచ్చును. ఒకరికి తన మనస్సు ఇతరుల మనస్సువలె లేదన్న భయముండవచ్చును. ఒకరికి బంధువులలో ఒకని చేయి తగులరాని చోట తగిలియుండవచ్చును. ఎవరితో చెప్పవలెనో ఆ బిడ్డకు తెలియదు. అయ్యవారు అహల్యను పాపి యనుచు పేజీ తిప్పివేసినచో, ఆ ముగ్గురును ఒకే పాఠము నేర్చుకొందురు: చెప్పరాదు. ఆయన ఒక్క నిమిషమాగి, ఈమె నెవరైన అడిగిరా అని తరగతిని ప్రశ్నించినచో, చెప్పుకొనదగిన పెద్ద యొకడున్నాడని వారికి తెలియును.

తార నోరు విప్పుటకు ఒక యుద్ధము జరుగవలసివచ్చినది. రెండు పక్షముల వీరులు ఆమెకొఱకు చచ్చిరి గాని, ఆమెతో మాటాడుటకు వారికి తీఱిక దొరకలేదు. ఆ ప్రశ్న కొంచెము ముందుగా, పెండ్లినాడే, మెల్లగా అడిగియుండినచో పురాణమున ఒక యధ్యాయము తగ్గెడిది. ఇండ్లలో నేడును ఆ ప్రశ్న అడుగుటకు సమయము మించిపోలేదు.